మొదటి కోత కాంట్రాక్టు టవర్‌కే

(2025 డిసెంబరులో విశాఖపట్నంలో జరిగిన ఒక సాయంకాలపు సభలో, విశ్రాంత ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది. చివర సభికులు అడిగిన కొన్ని ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి. వినబడనివాళ్ళకి ఈ మాట కూడా వినబడదు కదా అంటారేమో, టవర్‌లో మాకు రోజూ ఇదే సమస్య. (నవ్వులు)

నన్ను పిలిచినవాళ్ళు "విమానాల గురించి ఏదో ఒకటి చెప్పండి మాస్టారూ" అన్నారు. మాస్టారినేం కాదు నేను. ముప్పై నాలుగేళ్ళు కంట్రోల్ టవర్‌లో చేశాను. నేను చేరేటప్పటికి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అనేదే లేదు. అది 1995లో వచ్చింది. మేమంతా సివిల్ ఏవియేషన్ డిపార్ట్‌మెంటు మనుషులం. ఎక్కువ సర్వీసు బేగంపేటలో గడిచింది. 2008 మార్చిలో విమానాలన్నీ శంషాబాద్ వెళ్ళిపోతే వాటి వెంబడే మేమూ వెళ్ళాం. మరో మూడేళ్ళు చేసి దిగిపోయాను.

మొన్న అక్టోబరు ఒకటి నుంచి నవంబరు పన్నెండు దాకా, ఖర్చుల బిల్లు తెగక, అమెరికా ప్రభుత్వం మూతపడింది. 43 రోజులు. ఈ హాల్లో పిల్లలు అక్కడ ఉన్నవాళ్ళు సగం మంది ఉంటారు, మీకు నేను చెప్పాలా. కంట్రోలర్లు జీతాల్లేకుండా డ్యూటీలు చేశారు. చివరికి చాలినంత మంది లేరని, నవంబరు ఏడు నుంచి 40 పెద్ద విమానాశ్రయాల్లో విమానాలు తగ్గించుకోమని ప్రభుత్వమే ఆర్డరు వేసింది. మా వీధిలో ఒకావిడ "అమెరికాలో కూడా జీతాలు ఆగుతాయా బాబాయిగారూ" అని అడిగింది. ఆగుతాయమ్మా. ఇదేం మొదటిసారి కూడా కాదు. పన్నెండేళ్ళ కిందట ఇంకో రకంగా ఆగాయి, అప్పుడు నేనక్కడే ఉన్నాను. ఇవాళ చెప్పబోయేది ఆ సంగతే.

2013 ఏప్రిల్. మా అమ్మాయికి తొలి కాన్పు. నేనూ మా ఆవిడా బయల్దేరాం. న్యూయార్క్ వైపు దిగి, మరో విమానం పట్టుకుని అమ్మాయి వాళ్ళ ఊరు వెళ్ళాలి. ఏప్రిల్ 22, సోమవారం. మా ఆవిడ ఒళ్ళో కాయం డబ్బా. కస్టమ్స్ వాళ్ళు దాని మూత తీసి వాసన చూసి, మొహం అదోలా పెట్టి మళ్ళీ మూతేసి ఇచ్చేశారు. ఆ గండం గడిచింది కదా అని గేటు దగ్గర కూర్చుంటే విమానం ఆలస్యం అన్నారు. గంట. మళ్ళీ ఇంకో గంట.

అద్దంలోంచి బయటికి చూశాను. ఆకాశం నిర్మలంగా ఉంది. గాలి లేదు, మబ్బు లేదు. రన్‌వే మీద ఏ ఇబ్బందీ లేదు. అలాంటి రోజున వరసబెట్టి అన్ని విమానాలూ ఆలస్యమైతే మా వృత్తివాళ్ళకి వెంటనే ఒక అనుమానం వస్తుంది: పైన మనుషులు చాలడం లేదు. మా పనిలో తొందరపడి ఎక్కువ పని చేసేయడం కుదరదు. టైపిస్టు సెలవు పెడితే పక్క టైపిస్టు సాయంత్రం దాకా కూర్చుని రెండింతలు కొట్టగలడు. కంట్రోలర్ ఒకే సమయంలో ఇన్ని విమానాలే చూడగలడు. ఇద్దరి పని ఒకరికి ఇస్తే విమానాల మధ్య దూరం పెంచుకుంటూ పోతాడు. గంటకి నలభై దిగేచోట ముప్పై దిగుతాయి. మిగతా పదింటినీ గాల్లో ఆపలేం కాబట్టి, అవి బయల్దేరే ఊళ్ళోనే గేటు దగ్గర ఆపుతాం. మా ఆవిడా నేనూ ఆ ఆపుడులో ఉన్నాం. సిబ్బంది తగ్గింపు వల్ల ఆ ఒక్కరోజే 1,200 పైచిలుకు విమానాలు ఆలస్యమయ్యాయని తర్వాత ప్రభుత్వమే చెప్పింది.

ఎందుకు తగ్గించారు? ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, చట్టం గురించి చెప్పాలి.

2011లో అమెరికాలో అప్పు పరిమితి దగ్గర రెండు పార్టీలకీ పెద్ద తగాదా అయింది. ఆఖరి నిమిషంలో ఒక ఒప్పందం రాసుకున్నారు. ఇద్దరు అన్నదమ్ములు ఆస్తి పంపకంలో తెగక, "ఫలానా తేదీలోగా మనం రాజీ పడకపోతే దొడ్లో ఉన్న బంగినపల్లి చెట్టు నరికేద్దాం" అని కాగితం రాసుకున్నారనుకోండి. ఆ చెట్టు ఇద్దరికీ కావాలి. అందుకే అలా రాసుకున్నారు, భయం ఉంటే రాజీకొస్తామని. రెండు పార్టీల నుంచీ పన్నెండు మందితో కమిటీ వేశారు. పదేళ్ళలో 1.2 లక్షల కోట్ల డాలర్ల లోటు ఎలా తగ్గించాలో తేల్చమన్నారు. వాళ్ళు తేల్చలేదు. చెట్టు నరికే తేదీ 2013 జనవరి నుంచి మార్చి ఒకటికి జరిగింది. ఆ రోజు వచ్చింది, నరికేశారు. ఆ సంవత్సరానికి 8,500 కోట్ల డాలర్ల కోత. దాన్ని వాళ్ళు సీక్వెస్ట్రేషన్ అన్నారు. ఎవ్వరూ జరగనివ్వకూడదనే ఉద్దేశంతో, కావాలనే తెలివితక్కువగా రాసిన చట్టం ప్రపంచంలో ఇంకోటుందో లేదో నాకు తెలీదు.

ఆ కోతలో ఇంకో తమాషా. ఎక్కడ వృథా ఉందో చూసి అక్కడ కొయ్యమని లేదు. ప్రతి పద్దులోనూ ఒకే శాతం కొయ్యాలి. విమానయాన శాఖ, వాళ్ళు ఎఫ్ఏఏ అంటారు, దాని వాటాకి సుమారు 63.7 కోట్ల డాలర్లు పడింది. ఆ ఏడాదిలో మిగిలింది ఏడు నెలలే. నిర్వహణ ఖర్చులో సింహభాగం జీతాలు. అంటే కొయ్యాల్సింది మనుషుల్నే.

ఫిబ్రవరి 22న వైట్‌హౌస్ విలేఖరుల గదికి రవాణా మంత్రి రే లహూడ్ వచ్చి, పెద్ద నగరాల్లో విమానాలు గంటన్నర దాకా ఆలస్యం కావచ్చు, వందకు పైగా టవర్లు మూసేయాల్సి రావచ్చు అని చెప్పాడు. ఆయన ఒబామా కేబినెట్లో ఉన్న రిపబ్లికన్. ఆయన సొంత పార్టీవాళ్ళే "జనాన్ని బెదిరిస్తున్నారు, నొప్పి తెలిసేచోట వెతికి మరీ కోస్తున్నారు" అన్నారు. ఆ అనుమానం పూర్తిగా కొట్టిపారేసేది కాదని నా అభిప్రాయం. ఏ శాఖకైనా కోత వస్తే, ముందు జనం కంటికి ఆనేదాన్నే బల్ల మీద పెడుతుంది. కానీ ఆ శాఖకి వేరే దారి కూడా పెద్దగా లేదు.

ఇప్పుడు టవర్ల దగ్గరికి వద్దాం.

అమెరికాలో టవర్లు రెండు రకాలు. ఒకటి ప్రభుత్వ కంట్రోలర్లు నడిపేవి. రెండోది కాంట్రాక్టు టవర్లు. ప్రభుత్వం డబ్బిస్తుంది, ప్రైవేటు కంపెనీ మనుషుల్ని పెడుతుంది. ఈ రెండో రకం ఎలా పుట్టిందో తెలుసుకోవాలి. 1981 ఆగస్టు మూడున అక్కడి కంట్రోలర్లు సమ్మె చేశారు. జీతాలు, పని గంటలు, ఎప్పుడూ ఉండేవే. రెండు రోజుల్లో తిరిగి రండి, రాకపోతే ఉద్యోగం లేదన్నాడు అప్పటి అధ్యక్షుడు రీగన్. ఆగస్టు ఐదున 11,000 మందికి పైగా కంట్రోలర్లని ఒక్క దెబ్బతో తీసేశాడు. నేను అప్పటికి ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళు. ఆ వార్త టవర్‌కి వచ్చిన రోజు మా సీనియర్ ఒకాయన టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అన్ని వేల మందిని తీసేస్తే విమానాలు ఎవరు చూస్తారు అని మా ప్రశ్న. మిలిటరీ వాళ్ళు, సూపర్‌వైజర్లు చూశారు. చిన్న టవర్లకి మాత్రం మనుషులు మిగల్లేదు. 1982లో ఐదు చిన్న టవర్లని ప్రయోగంగా కంపెనీలకి అప్పజెప్పారు. అవి పెరిగి పెరిగి 2013 నాటికి 251 అయ్యాయి.

ఆ టవర్లలో పనిచేసేవాళ్ళెవరు? ఎక్కువ మంది సైన్యంలో కంట్రోలర్లుగా చేసి వచ్చినవాళ్ళు, ప్రభుత్వ సర్వీసులో రిటైరయినవాళ్ళు. అదే శిక్షణ, అవే నియమాలు, రేడియోలో మాట్లాడే భాషా అదే. పైలట్‌కి తేడా తెలియదు. జీతం రాళ్ళు వేరు, భద్రత వేరు. మన దగ్గర కాంట్రాక్టు లెక్చరర్లని చూశారు కదా, పాఠం అదే, సిలబస్ అదే, పరీక్ష పేపరు కూడా అదే. ఇదీ అంతే.

2012 నవంబరులో అమెరికా రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్, అంటే వాళ్ళ ఆడిటర్ అనుకోండి, ఈ కాంట్రాక్టు టవర్ల మీద రిపోర్టు ఇచ్చాడు. అదే స్థాయి ప్రభుత్వ టవర్‌తో పోలిస్తే ఒక్కో కాంట్రాక్టు టవర్‌కి ఏడాదికి సగటున 15 లక్షల డాలర్లు తక్కువ ఖర్చవుతోంది, భద్రతలో ఏమీ తీసిపోవడం లేదు అన్నాడు. కాంట్రాక్టు టవర్‌లో సగటున ఆరుగురు కంట్రోలర్లు, ప్రభుత్వ టవర్‌లో పదహారుగురు. ఆరుగురితో టవర్ నడపడమంటే ఏమిటో నాకు తెలుసు, సంక్రాంతికీ సెలవు దొరకదు. సరే, అది వేరే గోడు.

రిపోర్టు వచ్చి నాలుగు నెలలయింది. 2013 మార్చి 22న ఎఫ్ఏఏ ఒక జాబితా విడుదల చేసింది. 149 టవర్లు మూసేస్తున్నాం అని. ఏ టవర్లు? చవగ్గా, భద్రంగా నడుస్తున్నాయని ఆడిటర్ మెచ్చుకున్న ఆ కాంట్రాక్టు టవర్లే. ఒక్కటి కూడా ప్రభుత్వ టవర్ కాదు.

ఎందుకంటే కాంట్రాక్టు రద్దు చేయడం తేలిక. ప్రభుత్వ ఉద్యోగిని ఇంటికి పంపాలంటే నోటీసులు, యూనియను, సర్వీసు రూల్సు, బోలెడు తతంగం. కాంట్రాక్టువాడికి ఒక ఉత్తరం చాలు. చవగ్గా దొరుకుతాడని పెట్టుకున్నాం, తేలిగ్గా పోతాడు కాబట్టి ముందు అతన్నే పంపుదాం. నలభై ఏళ్ళుగా మన ఆఫీసుల్లో చూస్తున్నదే, అమెరికా టవర్‌లో కనిపించేసరికి నాకు ఎక్కడో గుచ్చుకుంది.

జాబితా ఎలా కట్టారో కూడా చెబుతాను. ఏడాదికి లక్షా యాభై వేల రాకపోకలకి తక్కువ, అందులో వాణిజ్య విమానాలవి పదివేలకి తక్కువ ఉన్న కాంట్రాక్టు టవర్లు 189 తేలాయి. స్థానిక సంస్థలు ఖర్చులో వాటా పెట్టుకునేవి 16 ఉంటే, వాటిని వదిలేశారు, వాటి డబ్బు చట్టంలో వేరే లెక్క. మిగిలినవాళ్ళందరినీ, మీ టవర్ ఎందుకు ఉంచాలో రాసి పంపండి అన్నారు. అయితే షరతు ఉంది: దేశ ప్రయోజనం దెబ్బతింటుందంటేనే వింటాం, మీ ఊరికి నష్టం అంటే పరిగణించం. ఒక ఊరి విమానాశ్రయం తన ఊరి గురించి చెప్పుకోకూడదన్నమాట! 24 టవర్లు ఆ పరీక్షలో గట్టెక్కాయి. మిగిలినవి 149. ఏప్రిల్ ఏడు నుంచి వరసగా మూత. దీనివల్ల ఆ ఏడాది మిగిలేది సుమారు 3.3 కోట్ల డాలర్లు. కోసిన 8,500 కోట్ల పక్కన పెట్టి చూడండి దాన్ని.

ఆ జాబితాలో మేరీలాండ్ రాష్ట్రంలో ఫ్రెడరిక్ అని ఒక ఊరు ఉంది. వాషింగ్టన్‌కి దగ్గర. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత ఉద్యోగాలు కల్పించడానికి ఇచ్చిన ఉద్దీపన నిధుల్లోంచి 53 లక్షల డాలర్లు పెట్టి అక్కడ కొత్త టవర్ కట్టారు. 2012 మే నెలలో తెరిచారు. పట్టుమని ఏడాది తిరక్కుండా మూసివేత జాబితాలో ఎక్కింది. కొత్తింట్లో పాలు పొంగించి, ఆ గిన్నె కడిగేలోపే తాళం వేసుకోమన్నట్టు.

టవర్ లేకపోతే విమానాలు దిగలేవా? దిగుతాయి. నిజం చెప్పాలి కదా. అమెరికాలో జనం వాడుకునే విమానాశ్రయాలు సుమారు ఐదు వేలు, వాటిలో టవర్ ఉన్నవి ఐదు వందలో ఎన్నో, అంతే. మిగతాచోట్ల పైలట్లే ఒక ఉమ్మడి రేడియో ఫ్రీక్వెన్సీలో "నేను ఫలానా చోట ఉన్నాను, ఫలానా రన్‌వే మీద దిగుతున్నాను" అని చెప్పుకుంటారు. వింటున్నవాళ్ళు వింటారు. కాపలా లేని లెవెల్ క్రాసింగ్ లాంటిది. ఆగి, అటూ ఇటూ చూసి, దాటాలి. రోజూ లక్షల మంది దాటుతారు, ఏమీ కాదు. ఏమీ కాని రోజుల్ని చూపించి గేట్‌మన్ దేనికి అని అడగడం సులువు.

1996 నవంబరు 19, ఇలినాయ్ రాష్ట్రంలో క్విన్సీ అనే ఊరు. అక్కడ టవర్ లేదు. పన్నెండు మందితో ఒక చిన్న ప్రయాణికుల విమానం దిగడానికి వస్తోంది. అదే సమయంలో దానికి అడ్డంగా ఉన్న ఇంకో రన్‌వే మీద కింగ్ ఎయిర్ అనే విమానం ఎగరడానికి సిద్ధంగా ఉంది. దాని వెనకాల చెరొకీ అనే మరో బుల్లి విమానం. దిగేవాళ్ళు రేడియోలో అడిగారు: రన్‌వే చివర ఉన్న కింగ్ ఎయిర్, మీరు ఇప్పుడు ఎగురుతున్నారా, ఆగుతారా? కింగ్ ఎయిర్ నుంచి జవాబు లేదు. వెనకున్న చెరొకీ పైలట్, తన గురించే అనుకుని, "ఆగి ఉన్నాం" అన్నాడు. దిగేవాళ్ళు ఆ జవాబు కింగ్ ఎయిర్‌దే అనుకుని ధన్యవాదాలు చెప్పి దిగారు. కింగ్ ఎయిర్ అదే క్షణంలో పరుగు మొదలుపెట్టింది. రెండు రన్‌వేలు కలిసేచోట గుద్దుకున్నాయి. గుద్దుకున్న దెబ్బకి ప్రయాణికుల విమానంలోవాళ్ళు చనిపోలేదు. తలుపు తెరుచుకోలేదు. పొగలో పోయారు. రెండు విమానాల్లో కలిపి 14 మంది.

ఆ రిపోర్టు తర్వాతెప్పుడో మా ట్రైనింగ్ క్లాసులో చదివించారు. నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది. పైన కూర్చున్నవాడు ఒక్కడుంటే చాలు. కంటికి కనిపిస్తుంది, మాట్లాడింది ముందు విమానమా వెనక విమానమా అని.

ఆ తేదీ నాకు ఎందుకు గుర్తుందంటే, దానికి సరిగ్గా వారం ముందే, నవంబరు 12న, మన చర్ఖీ దాద్రీ. ఢిల్లీ దగ్గర రెండు పెద్ద విమానాలు ఆకాశంలో ఢీకొని 349 మంది పోయారు. అక్కడ కంట్రోలర్ ఉన్నాడు, ఎత్తు సరిగ్గానే చెప్పాడు, ఒక విమానం చెప్పిన ఎత్తు కంటే కిందికి దిగిపోయింది. కాబట్టి మనిషి ఉంటే ప్రమాదమే జరగదని నేను అనను. ఆ ఫ్రెడరిక్‌లో కూడా, టవర్ మూతపడకుండా నిలబడ్డాక, 2014 అక్టోబరులో ఒక విమానం, ఒక హెలికాప్టర్ ఢీకొని ముగ్గురు పోయారు. టవర్‌లో మనిషి ఉండగానే. మా వృత్తిలో ఉన్నవాళ్ళు ఇలాంటివి దాచిపెట్టి వాదించకూడదు. నేననేది ఒకటే. ఏళ్ళ తరబడి టవర్ మీద ఆధారపడి, నేర్చుకునే కుర్రాళ్ళూ జెట్లూ హెలికాప్టర్లూ కలగలిసి తిరుగుతున్న చోట, ఒక సోమవారం పొద్దున్నుంచి ఇక ఎవరూ ఉండరంటే అది మొదట్నుంచీ టవర్ లేని ఊరు లాంటిది కాదు. పైలట్ శిక్షణకి మనవాళ్ళ పిల్లలు వెళ్ళేది ఎక్కువగా ఇలాంటి చిన్న విమానాశ్రయాలకే. రేడియోలో ఆ వేగం ఇంగ్లీషుకి అలవాటు పడకముందు వాళ్ళని కాచుకునేది టవర్‌లో ఉన్న ఓపిక గల మనిషే.

సరే, తర్వాతేమైంది. వాషింగ్టన్ రాష్ట్రంలో స్పొకేన్ విమానాశ్రయం బోర్డులాంటివాళ్ళు కోర్టుకెళ్ళారు. ఏప్రిల్ ఐదున, మూతకి రెండు రోజుల ముందు, ఎఫ్ఏఏ దాన్ని జూన్ 15కి వాయిదా వేసింది. ఈలోగా ఏప్రిల్ 21 నుంచి ప్రభుత్వ ఉద్యోగుల వంతు. ఎఫ్ఏఏలో ఉన్న 47,000 మందికీ రెండు వారాలకో రోజు చొప్పున జీతం లేని బలవంతపు సెలవు. ఫర్లో అంటారు. వాళ్ళలో కంట్రోలర్లూ ఉన్నారు. నేను గేటు దగ్గర కూర్చున్నది దాని రెండో రోజు.

ఇక చూడండి వేగం! ఆదివారం సెలవులు మొదలయ్యాయి. గురువారం రాత్రి సెనేట్ ఒక్కరూ అభ్యంతరం చెప్పకుండా ఆ సెలవులు ఆపే బిల్లు పాస్ చేసింది. శుక్రవారం ప్రతినిధుల సభలో 361కి 41. ఏళ్ళ తరబడి ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు ఐదు రోజుల్లో ఏకమయ్యారు. ఆ శుక్రవారం సాయంత్రమే వాళ్ళందరికీ వారం రోజుల సెలవులు, సొంతూళ్ళకి విమానాలెక్కాలి. (నవ్వులు) తొందరలో బిల్లులో 'ఖాతాలు' అని ఉండాల్సినచోట 'ఖాతా' అని పడింది. ఒక్క బహువచనపు అక్షరం. దాన్ని దిద్దుకునేదాకా అధ్యక్షుడు సంతకం పెట్టలేదు, మే ఒకటయింది. కంట్రోలర్ల సెలవులు మాత్రం ఆ శనివారమే ఎత్తేశారు.

ఆ డబ్బు ఎక్కడ్నుంచి వచ్చిందనేది ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. కొత్త డబ్బు ఇవ్వలేదు. రన్‌వేలు వేయడానికి, బాగుచేయడానికి విమానాశ్రయాలకి ఇచ్చే నిధి ఒకటుంది. దానికి సీక్వెస్ట్రేషన్ కోత వర్తించదు. అందులోంచి 25.3 కోట్ల డాలర్ల దాకా జీతాల ఖాతాకి మార్చుకోవచ్చన్నారు. అంటే మొదట్నుంచీ ఏర్పాటేమిటి? కాంక్రీటుకి కోత లేదు. కాంక్రీటు మీద దిగే విమానాన్ని చూసే మనిషికి కోత ఉంది. శంకుస్థాపన ఫలకం మీద పేరు చెక్కించుకునే పనులకి రక్షణ, నెల జీతానికి లేదు. ఇది అమెరికా జబ్బే అని నేననుకోవడం లేదు. మన ఊళ్ళో ఆస్పత్రి భవనం మూడంతస్తులు లేస్తుంది, లోపల నర్సు పోస్టు ఖాళీగా ఉంటుంది.

కాంట్రాక్టు టవర్ల సంగతి? పాపం బిల్లులో వాటి పేరు కూడా రాయలేదు. డబ్బు మిగులుతుంది కదా, వాటికీ వాడండి అని సభ్యులు ఒత్తిడి చేస్తే, మే 10న రవాణా శాఖ, సరే, సెప్టెంబరు దాకా 149 టవర్లూ తెరిచే ఉంటాయని ప్రకటించింది. తర్వాత మామూలు బడ్జెట్లలో డబ్బు వచ్చింది, అవి నడిచాయి.

అదే కోతలో చిన్నపిల్లల బడిలాంటి హెడ్ స్టార్ట్ అనే పథకంలో పేదింటి పిల్లలు సుమారు 57,000 మందికి ఆ ఏడాది చోటు పోయింది. వాళ్ళ కోసం గురువారం రాత్రి ఎవరూ కూర్చోలేదు. నాలుగేళ్ళ పిల్లలు ఎయిర్‌పోర్టు గేటు దగ్గర క్యూ కట్టరు కదా. మా వృత్తివాళ్ళు గట్టెక్కామని సంతోషించాను, కాదనను. కానీ ఆ సంఖ్య చదివిన రోజు, మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను, సంతోషం కొంచెం పలచబడింది.

ఆ ఏడాదే ఇంకోటి తెలిసింది. విస్కాన్సిన్‌లో ఆష్‌కాష్ అనే ఊళ్ళో ప్రతి జూలైలో పెద్ద విమానాల తిరునాళ్ళ జరుగుతుంది. ఆ వారం అక్కడి టవర్ ప్రపంచంలోకెల్లా రద్దీ టవర్. 2013లో ఎఫ్ఏఏ నిర్వాహకుల్ని, కంట్రోలర్లు కావాలంటే మీరే వాళ్ళ ప్రయాణ ఖర్చులూ ఓవర్‌టైమూ పెట్టుకోండి అంది. దాదాపు నాలుగున్నర లక్షల డాలర్లు. పెళ్ళికి సన్నాయి మేళం మాట్లాడుకున్నట్టు కంట్రోలర్లని మాట్లాడుకున్నారు. కట్టి, ఆపైన కోర్టులో దావా కూడా వేశారు.

ఇక అసలు నష్టం ఎవరికీ కనపడకుండా జరిగింది. కోతలో భాగంగా ఆ ఏడాది కొత్త కంట్రోలర్ల నియామకాలు నిలిపేశారు. ఓక్లహోమా సిటీలో ఉన్న శిక్షణ అకాడమీ మూతపడింది. అక్కడి రూలు ప్రకారం 31 ఏళ్ళు నిండకముందే చేరాలి, 56కి తప్పనిసరిగా దిగిపోవాలి. అకాడమీలో నేర్చుకున్నాక కూడా పెద్ద కేంద్రాల్లో సొంతంగా కూర్చోవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. కాబట్టి ఒక ఏడాది నారు పోయకపోతే ఆ ఏడాది చేలో ఏమీ తెలియదు. నాలుగేళ్ళ తర్వాత తెలుస్తుంది. 2018 చివర 35 రోజుల మూత వచ్చింది, అకాడమీ మళ్ళీ ఆగింది. ఆ మూత ఎలా ముగిసిందో గుర్తుందా? 2019 జనవరి 25న కొద్దిమంది కంట్రోలర్లు డ్యూటీకి రాకపోయేసరికి న్యూయార్క్ లాగ్వార్డియాకి విమానాలు ఆగాయి, ఆ సాయంత్రానికే మూత ఎత్తేశారు. తర్వాత కోవిడ్, మళ్ళీ శిక్షణ ఆగింది. ఈ అక్టోబరు ఆరున కాలిఫోర్నియాలో బర్‌బ్యాంక్ టవర్‌లో సాయంత్రం నుంచి రాత్రి పది దాకా ఒక్క కంట్రోలరూ లేడు. అదేం చిన్న ఊరు కాదు, లాస్ ఏంజెలిస్ పక్కనే. శాన్ డియేగోలో ఉన్న అప్రోచ్ వాళ్ళు, అంటే దిగడానికి వచ్చే విమానాల్ని రాడార్ మీద చూసేవాళ్ళు, దూరం నుంచి చూసుకున్నారు. 2013లో కాగితం మీద మూసిన టవర్లు తెరిచే ఉన్నాయి, 2025లో తెరిచి ఉన్న టవర్‌లో మనిషి లేడు.

నేను అక్కడ ఉండగా అమ్మాయి వాళ్ళ ఊళ్ళో ఒక చిన్న టవర్‌కి వెళ్ళాను. ఊరి పేరు చెప్పను. అది ఆ 149లో ఒకటి. అల్లుడు ఫోన్ చేసి, మా మామగారు ఇండియాలో కంట్రోలర్ అని చెబితే రమ్మన్నారు. డ్యూటీలో ఉన్నాయన సైన్యంలో చేసి వచ్చినవాడు, నాకంటే పదేళ్ళు చిన్న. మెట్లెక్కి పైకి వెళ్ళగానే నాకు బేగంపేట వాసన వచ్చింది. కాలిన కాఫీ, పాత కుర్చీల రెగ్జిన్. ఒక్కో విమానం వివరాలు రాసుకునే కాగితపు పట్టీలు, ఫ్లైట్ స్ట్రిప్పులు అవే. పైనుంచి వేలాడే లైట్ గన్ కూడా అదే. రేడియో చెడిపోయిన విమానానికి దీపంతో సంకేతం ఇచ్చే తుపాకీ అది. నిలకడగా పచ్చ చూపిస్తే దిగు అని, ఎర్రది మినుకుమినుకుమంటే దిగొద్దు, చోటు బాగాలేదు అని. ప్రపంచమంతా ఒకటే భాష. ఆయన తీసి నా చేతికిచ్చాడు. నేను గోడకి పచ్చ చూపించాను. ఇద్దరం నవ్వుకున్నాం. గోడ మీద క్యాలెండర్లో జూన్ 15 చుట్టూ గుండ్రం గీసి ఉంది. దాని గురించి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఇంక ఆపేస్తాను. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, మన వైజాగ్ టవర్‌లో ఉండేది కాంట్రాక్టువాళ్ళా, ప్రభుత్వంవాళ్ళా?

మంచి ప్రశ్న. మన విశాఖది నేవీ విమాన స్థావరం, ఐఎన్ఎస్ డేగ. టవర్‌లో ఉండేది నేవీ కంట్రోలర్లు. ప్రయాణికుల టెర్మినల్ మాత్రమే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. నేవీ విమానాలు ఎగిరే వేళల్లో మన విమానాలకి సమయం దొరక్కపోవడం అందుకే. భోగాపురంలో కొత్తది లేస్తోంది కదా, దాంతో ఆ ఇబ్బంది తీరాలి. శంషాబాద్‌లో చూడండి, విమానాశ్రయం ప్రైవేటుది, టవర్‌లో మాత్రం అథారిటీ ఉద్యోగులే. ఆ ఒక్క ఏర్పాటు మార్చొద్దని నా కోరిక.

ప్రశ్న: కెమెరాలు పెట్టి ఎక్కడో కూర్చుని చూడొచ్చు కదండీ? టవర్లెందుకు?

చూస్తున్నారమ్మా. స్వీడన్‌లో 2015 నుంచీ ఉంది, బాగానే నడుస్తోంది. అమెరికాలో వర్జీనియాలో లీస్‌బర్గ్ అనే ఊళ్ళో కొన్నేళ్ళు నడిపారు. పైలట్లకి నచ్చింది కూడా. కానీ పూర్తి అనుమతి తెచ్చుకునే తతంగం తెగక 2023లో ఆపేసి, బండి మీద తెచ్చే తాత్కాలిక టవర్ పెట్టుకున్నారు. కెమెరా వచ్చినా దాని ముందు కూర్చోడానికి మళ్ళీ మనిషే కావాలి. ఆ మనిషికి జీతం ఏ ఖాతాలో రాస్తారో, అది చూడండి.

ప్రశ్న: మీరు చెప్పిన ఆ సైన్యం ఆయన ఏమయ్యాడండీ? టవర్ మూయలేదన్నారు కదా.

మూయలేదు. ఇప్పటికీ ఉంది. ఆ ఎండాకాలం మేం తిరిగి వచ్చేముందు, మనవరాల్ని చూపిద్దామని ఇంకోసారి వెళ్ళాం. ఆయన లేడు. ఇద్దరు పిల్లలు కాలేజీకి వచ్చారట, జూన్ దాకా చూస్తూ కూర్చోలేక ఏప్రిల్ నెలాఖరుకే వేరే రాష్ట్రంలో ఏదో గోడౌన్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. మే 10న ప్రకటన వచ్చింది. ఆయన కుర్చీలో కొత్త కుర్రాడొకడు కూర్చుని ఉన్నాడు, పక్కన నేర్పే ఆయన నిలబడి ఉన్నాడు. క్యాలెండర్ మాత్రం అదే.